మారురాజుకు పట్టిన శని

జ్యోతిష్మతీ నగరంలో పిల్లి తుమ్మినా పంచాంగం విప్పేవారు. ఏ రోజు తలంటుకోవాలి, ఏ దిక్కుకు తిరిగి ఆవలించాలి, అత్తగారితో పోట్లాటకు ఏ ఘడియ మంచిది, అన్నీ గ్రహాచార్యులవారి నోటినుంచి రావలసిందే. ఆ నగరాన్ని ఏలే మహారాజు పేరు అభయకీర్తి. అభయం ఆయన పేరులో తప్ప మరెక్కడా ఉండేది కాదు. పిల్లి ఎదురైతే వేట మానుకునేవాడు, కాకి అరిస్తే కొలువు చాలించేవాడు.

కోట నడుమ నవగ్రహ సౌధం ఉండేది. దానికి తొమ్మిది బురుజులు. సూర్యుడి బురుజుకు కెంపులు, చంద్రుడి బురుజుకు ముత్యాలు, కుజుడికి పగడాలు, బుధుడికి పచ్చలు, గురుడికి పుష్యరాగాలు, శుక్రుడికి వజ్రాలు, రాహుకేతువులకు గోమేధిక వైడూర్యాలు తాపించారు. పొద్దు పొడవగానే ఆ ఎనిమిది వన్నెల కాంతులు నగరం మీద పడి, చాకిరేవులో ఆరేసిన తెల్లచీరలు కూడా పట్టుచీరల్లా మెరిసేవి. శని బురుజు మాత్రం నల్లగా, నూనె కారుతూ ఉండేది. దాని కొసన నీలాల కళ్లతో ఒక ఇనుపకాకి. ఒక్కొక్క రెక్క పూరింటి కప్పంత. అది ఎగరగలదని ముసలివాళ్లు చెప్పేవారు. చూసిన వాళ్లు మాత్రం ఎవరూ లేరు.

ఆ నగరానికి ఇరవై ఏళ్లకోసారి ఒక గండం. మెల్లగా నడిచే శని, అతనికంటె వడిగా నడిచే గురుడు ఆకాశంలో ఒకేచోట కలుసుకుంటారు. దాన్ని మందగురు సంగమం అనేవారు. ఆ సంగమం వచ్చినప్పుడల్లా రాజ్యం తిరగబడేది. తాతలనాటి సంగమంలో జనం సింహాసనాన్ని వీధిలోకి ఈడ్చి పొయ్యిలో పెట్టారు. తండ్రులనాటి సంగమంలో మంత్రులందరికీ సగం మీసం గొరిగి గాడిదల మీద ఊరేగించారు. ఎందుకు చేశారర్రా అని ఆ తర్వాత అడిగితే, "మేమెక్కడ చేశామండీ, శని చేయించాడు!" అనేవారు. శనిని పిలిచి అడిగే ధైర్యం ఎవరికీ లేదు కాబట్టి విచారణ అంతటితో ముగిసేది.

పూర్వం ఒక రాజు దీనికొక ఉపాయం కనిపెట్టాడు. సంగమం నడిచినన్నాళ్లూ రాజు గద్దె దిగి మారువేషంలో ఊళ్లో దాగాలి. ఆయనకు బదులు అనామకుడొకణ్ణి సింహాసనం మీద కూర్చోబెట్టాలి. అతడే మారురాజు. శని దృష్టి కిరీటం మీద పడితే, కిరీటం కింద ఉన్నవాడు అనుభవిస్తాడు. గ్రహాలు విడిపోయే సాయంత్రం మారురాజు తన చేతులతో అసలు రాజు తలమీద కిరీటం పెట్టాలి. ఆ వెంటనే అతణ్ణి కోట వెనక ఉన్న శనిబిలంలోకి తోసేస్తారు. ఆ బిలం ఎంత లోతో పడినవాడెవడూ పైకొచ్చి చెప్పలేదు.

ఇందులో ఒక మెలిక ఉంది. శనిని మోసం చేయడం తేలిక కాదు. దొంగరాజును ఇట్టే పసికడతాడు. అందుకని మారురాజుకు పట్టాభిషేకం నిజంగానే చేసేవారు. పుణ్యనదుల నీళ్లు నిజం, రాజముద్రిక నిజం, ఖడ్గం నిజం, సేనలు చేసే ప్రమాణం నిజం. మారురాజు మాట రాజు మాటే. ఇంతకుముందు ఆ గద్దె మీద కూర్చున్న అమాయకులకు ఆ సంగతే తట్టలేదు. చావు తలుచుకొని ఏడుస్తూ, పెట్టిన పిండివంటలు ముట్టకుండానే పోయారు.

ఈసారి గద్దె ఎక్కినవాడు మాచన. పిండివంటలు ముట్టకుండా వదిలే రకం కాదు.

మాచన పగటివేషగాడు. ఊరూరా తిరిగి, పొద్దున్నే ఒక వేషం కట్టి, ఇంటింటి ముందు నాలుగు మాటలు చెప్పి, గింజలు అడుక్కొని బతికేవాడు. సంగమానికి ముందురోజు, వేళకాని వేళ, కోటవాకిట్లో శని వేషం కట్టాడు. ఒళ్లంతా మసి, నల్లగుడ్డ, చేతిలో నువ్వుల నూనె గిన్నె. సరిగ్గా అప్పుడే అభయకీర్తి ఏనుగు దిగుతున్నాడు. మాచన ఆయన ముందు నిలబడి, "నాయనా, ఇక్కడే పట్టమంటావా, లోపలికి వచ్చి పట్టమంటావా?" అన్నాడు. మహారాజు నిలువునా కూలిపోయాడు.

భటులు మాచన తల నరకబోతుంటే గ్రహాచార్యుడు వక్రనేమి అడ్డుపడ్డాడు. ఆయన పొడుగాటి మనిషి. ఒక కన్ను ఎప్పుడూ ఆకాశం వైపు, ఇంకో కన్ను ఎప్పుడూ కిరీటం వైపు. "చంపకండి. శని వేషం కట్టినవాడి కంటే శనికి తగిన ఎర ఎక్కడ దొరుకుతుంది?" అన్నాడు. ఆ విధంగా మాచనకు రాజయోగం పట్టింది.

అభయకీర్తి ముఖాన మసి పూసుకొని, నడుముకు మోకుతాడు చుట్టుకొని, నెత్తిన కట్టెల మోపుతో పెరటి వాకిలి గుండా ఊళ్లోకి జారుకున్నాడు. పోయేముందు రెండు ఆజ్ఞల మీద ముద్ర వేశాడు. గ్రహాలు విడిపోయేదాకా తనను రాజా అని పిలిచినవాడి నాలుక కోయించాలన్నది మొదటిది. శని వింటాడని ఆయన భయం. రెండోది వక్రనేమి తెచ్చినది. దాన్ని ఆయన చదవనైనా చదవలేదు.

ఆ మధ్యాహ్నమే నగరంలో దండోరా మోగింది. "మందగురు సంగమం వచ్చిందహో! కరువు రాబోతోందహో! రాజాజ్ఞతో ధాన్యపు కొట్టారు మూసేశారహో! ఆ తలుపు తెరిచినవాణ్ణి శనైశ్చరుడు ఏడున్నరేళ్లు పట్టి విడవడహో!"

కరువు రాబోతోందని వింటే ఎవరైనా ఏం చేస్తారు? ఇంట్లో గింజలున్నవాళ్లు వాటిని అటకెక్కించారు. వర్తకులు దుకాణాలు మూశారు. వాన కురవవలసినంత కురిసింది, పంట పండవలసినంత పండింది, కాని ఊళ్లో గుప్పెడు బియ్యం దొరకదు. "చూశారా శని ప్రభావం!" అనుకున్నారు అందరూ, అటక కింద కూర్చొని. ఇల్లే సరిగా లేనివాళ్లకు అటకలెక్కడివి? ఏ రోజు కూలి ఆ రోజు తినేవాళ్ల పొయ్యిల్లో పిల్లులు పడుకున్నాయి.

ఇదేదీ మాచనకు తెలియదు. అంతఃపురంలో అన్నం, పప్పు, పులిహోర, బూరెలు వేళకు వస్తున్నాయి. అతడు మీసం దువ్వుకొని కొలువు తీర్చాడు. మంత్రులు ఎవరి గొడుగు వాళ్లే పట్టుకోవాలని మొదటి ఆజ్ఞ. రాజు తుమ్మితే చిరంజీవ అంటే చాలదు, వాళ్లూ తుమ్మాలని రెండోది. స్తోత్రపాఠకుడు లేచి, "సూర్యచంద్ర వంశోద్భవా!" అని మొదలుపెట్టాడు.

"నిజమేనయ్యా," అన్నాడు మాచన. "సూర్యుడి వేషం మా తాత కట్టేవాడు, చంద్రుడి వేషం మా చిన్నాయన కట్టేవాడు. నీకెలా తెలిసింది?"

సభలో నవ్వింది ఒకే ఒక్కరు. అంతఃపుర రక్షకదళానికి నాయకురాలు శంపాలత. మారురాజు పారిపోకుండా కాపలా కాయడం ఆమె పని. చివరి సాయంత్రం అతణ్ణి బిలంలోకి తోయడం కూడా ఆమె పనే.

చివరి రోజు రానే వచ్చింది. ఆ సాయంత్రమే గ్రహాలు విడిపోతాయి. మాచన మేడమీది వసారాలో కూర్చొని బూరె తుంచుతున్నాడు కాని, నోట పెట్టుకోవడం లేదు. ఎన్ని నవ్వులు నవ్వినా అతడికీ ప్రాణం తీపే.

"శంపాలతా, మెల్లగా తోస్తావా, గట్టిగా తోస్తావా?"

"ప్రభువులు ఎలా సెలవిస్తే అలా."

"అసలు తొయ్యొద్దని సెలవిస్తే?"

"అది ఆచారం ప్రభూ. రాజాజ్ఞ దానికి లోబడాల్సిందే. నేను తొయ్యకపోతే ఊరు ఊరంతా వచ్చి తోస్తుంది." మొదటి రోజు ఇదే మాట ఆమె నవ్వుతూ అన్నది. ఇవాళ ముఖం పక్కకు తిప్పుకొని అన్నది. ఈ నవ్వులరాయుణ్ణి చంపడం ఆమెకు ఇష్టం లేదు. ఇష్టం లేకపోవడం ఆమెకు కోపం తెప్పిస్తోంది.

మాచన ఊరివైపు చూశాడు. "ఇంత పెద్ద నగరం, పొద్దెక్కినా ఒక్క ఇంటి కప్పు మీద పొగ లేదేమిటి?"

"పొయ్యి వెలిగితే కదా పొగ వచ్చేది! మీరు గద్దె ఎక్కకముందే శని పేరు చెప్పి కొట్టారు మూశారు. అప్పటినుంచి మా దళంలో ఆడవాళ్ల ఇళ్లలోనే గంజి కాగడం లేదు. నా వంతు అన్నం వాళ్ల పిల్లలకు పంపుతున్నాను." ఆమె అతడి చేతిలో బూరెను చూసింది. "తినండి ప్రభూ. ఆఖరి పూట."

మాచన బూరె కింద పెట్టేశాడు. గింజలు అడుక్కొని బతికినవాడికి గింజ దొరకని పూట ఎలా ఉంటుందో ఒకరు చెప్పనక్కరలేదు. ఇన్నాళ్లు తాను గొడుగుల గురించి, తుమ్ముల గురించి ఆజ్ఞలిస్తూ కూర్చున్నందుకు అతడికి ఒళ్లు మండింది.

అంతలో వక్రనేమి వచ్చి శంపాలతను బయటికి పంపాడు.

"ఓరీ మాచనా, బతకాలని ఉందా?"

"ఆ ప్రశ్న ఎవర్ని అడిగినా ఒకటే జవాబు వస్తుంది ఆచార్యా."

"అయితే విను. సాయంత్రం కిరీటం అసలు రాజుకు కాకుండా నా తలమీద పెట్టు. నీ చేతులతో ఎవరి తలమీద పెడితే వాడే రాజు, ఇది శాసనం. నిన్ను సొరంగం గుండా పంపించేస్తాను."

"అసలు రాజుగారొచ్చి ఎదురుగా నిలబడితేనో?"

"ఆయన రాడు," అన్నాడు వక్రనేమి. ఆ మాట అన్న తీరు మాచనకు నచ్చలేదు.

కోట బయట హోరు పుట్టింది. ఇద్దరూ వసారా అంచుకు వెళ్లారు. రోకళ్లు, గొడ్డళ్లు, పచ్చడిబండలు పట్టుకొని జనం పోటెత్తి వస్తున్నారు. వాళ్లందరికీ ముందు మసిముఖంతో ఒక కట్టెలవాడు. నడుముకు మోకు, చేతిలో గొడ్డలి, గొంతులో ఉరుము. "దించండర్రా ఈ రాజును! మన నోటికాడ కూడు దాచిన దొంగను! సింహాసనం చెక్కలు చెక్కలుగా నేను కొడతాను!"

మసి పూసుకోవడం ఎవరికైనా వస్తుంది. పరిగెత్తేటప్పుడు కూడా వెనక ఎవరో గొడుగు పట్టినట్టు మెడ నిటారుగా పెట్టుకునే అలవాటు ఎక్కడికి పోతుంది? మాచన ఇట్టే పోల్చుకున్నాడు. అది అభయకీర్తి మహారాజు. తన సింహాసనం మీదికి తానే తిరుగుబాటు నడిపించుకొస్తున్నాడు!

"విలుకాళ్లూ!" అని అరిచాడు వక్రనేమి. "ముందున్న ఆ కట్టెలవాణ్ణి పడగొట్టండి!"

విలుకాళ్లు కిరీటం వైపు చూశారు. వాళ్లు ప్రమాణం చేసింది దానికే. మాచనకు అప్పుడు అంతా తేటతెల్లమైంది. అసలు రాజు తిరుగుబాటులో చస్తాడు, మారురాజు బిలంలో చస్తాడు, మిగిలేది ఆచార్యులవారు. శని పేరు చెప్పి కొట్టారు మూయించింది ఇందుకే.

"విల్లులు దించండి," అన్నాడు మాచన. "కోట తలుపులు తీయించండి. ఆ కట్టెలవాణ్ణి నా ముందుకు తీసుకురండి. దెబ్బ తగిలిందో, మీకు సగం మీసాలే మిగులుతాయి."

కట్టెలవాణ్ణి తెచ్చారు. ఆయన మాచనను ఎగాదిగా చూశాడు. "నువ్వా రాజువి? సిగ్గులేదూ? మూడు పూటలైంది నేను గంజి తాగి! మోపు నెత్తిన పెట్టుకొని వీధివీధీ తిరిగితే కొనే దిక్కులేదు. వండుకోవడానికి గింజలుంటే కదా కట్టెలు కొనేది! ఒక ముసలమ్మ నాకు ఉడకబెట్టిన చింతగింజలు పెట్టింది, తెలుసా? ఆవిడ తినకుండా!"

"కొట్టారు మూయించింది ఎవరంటావు?"

"ఇంకెవరు, రాజు!"

"ఏ రాజు? నేను గద్దె ఎక్కేసరికే తలుపు మూసి ఉంది."

చదవకుండా ముద్ర వేసిన ఆజ్ఞ కట్టెలవాడి కళ్లముందు మెదిలింది. "ఆ రాజు... చదవకుండా ముద్ర వేశాడేమో," అన్నాడు నేలచూపులు చూస్తూ. "వాడికి ఆకలంటే తెలియదేమో."

"ఇప్పుడు తెలిసినట్టేనా?"

"తెలిసింది," అన్నాడాయన. మసి మీదుగా కన్నీళ్లు రెండు చారలు కట్టాయి. మాచనకు ఆయన మీద మొదటిసారి గౌరవం కలిగింది. పదండి అంటూ మెట్లు దిగాడు.

కొట్టారు కోట ముంగిట్లోనే ఉంది. నల్లదారంతో తొమ్మిది ముడులు వేసిన పెద్ద తలుపు. జనం దాని ముందుకు వచ్చి ఠక్కున ఆగిపోయారు. చిత్రం చూడండి. వాళ్లంతా రాజును చంపడానికి గొడ్డళ్లతో వచ్చినవాళ్లు. ఆ గొడ్డలి ఒక్క దెబ్బకు తలుపు ఊడుతుంది. అయినా ఎవడూ చెయ్యెత్తలేదు. రాజును చంపితే పాపం శనిది. తలుపు తెరిస్తే శని తమది! "నువ్వు తియ్యి," "నువ్వే పెద్దవాడివి, నువ్వు తియ్యి," అని ఒకరినొకరు ముందుకు నెట్టుకున్నారు.

వక్రనేమి నవ్వాడు. "తెరవండి, ఎవరు తెరుస్తారో తెరవండి! ఏడున్నరేళ్లు! రామేశ్వరం వెళ్లినా శనేశ్వరం తప్పదు!"

మాచన ఆ మాట విన్నాడు. అతడి ముఖంలో నెమ్మదిగా ఒక నవ్వు పాకింది. శని వేషం కట్టి పిల్లలను ఝడిపించే ముందు కూడా అతడు ఇలాగే నవ్వేవాడు.

"ఆచార్యా, ఆ మాట ఇంకోసారి చెప్పండి. వెనకవాళ్లకు వినపడలేదు."

"ఈ తలుపు తెరిచినవాణ్ణి శనైశ్చరుడు ఏడున్నరేళ్లు పట్టి విడవడు!" అని వక్రనేమి గొంతు చించుకున్నాడు. "ఇది నా శాపం కాదు, గ్రహశాసనం! దీన్ని తప్పించడం బ్రహ్మతరం కూడా కాదు!"

మాచన ఖడ్గం దూసి దారం తెంపాడు. తలుపు మీద కాలు పెట్టి ఒక్క తోపు తోశాడు. లోపలినుంచి వడ్లు, జొన్నలు, కందులు ఏరు తెగినట్టు మెట్ల మీదుగా పారాయి. జనం భయం మరిచిపోయి ఒళ్లో, కొంగులో, తలపాగాలో ఎత్తుకున్నారు. కట్టెలవాడు గుప్పెడు జొన్నలు పచ్చివే నోట్లో పోసుకొని నమిలాడు.

"పట్టింది! వీడికి శని పట్టింది!" అని వక్రనేమి ఎగిరాడు. "పొద్దు కుంకబోతోంది. బిలంలోకి తోయండి వీణ్ణి!"

శంపాలత మాచన భుజం మీద చెయ్యి వేసింది. చెయ్యి చల్లగా ఉంది.

"తొయ్యండి," అన్నాడు మాచన, జనం వైపు తిరిగి. "కాని ఒక్క సందేహం. నన్నిప్పుడు శని ఎన్నాళ్లు పట్టాడు?"

"ఏడున్నరేళ్లు!" అన్నారంతా, నోటినిండా గింజలతో.

"మధ్యలో విడుస్తాడా?"

"శని విడవడమా? బ్రహ్మతరం కూడా కాదు!"

"మరి నన్ను ఈ సాయంత్రమే చంపేస్తే, ఆ ఏడున్నరేళ్లు ఆయన ఎవర్ని పట్టుకోవాలి?"

జనం నమలడం ఆపేశారు. ఆలోచన ఒక తలనుంచి ఇంకో తలకు పాకడం కళ్లకు కనిపించింది. రోకలి పట్టుకున్న ముసలమ్మ ఒకావిడ మొదట తేరుకుంది. "ఓరి నాయనోయ్! తోసినోళ్లనే పట్టుకుంటాడు! చేతిలో ఉన్నోణ్ణి లాక్కుంటే ఊరుకుంటాడా ఆయన?"

అంతే. మాచన చుట్టూ ఉన్నవాళ్లందరూ చేతులు వెనక్కి కట్టుకొని పది అడుగులు వెనక్కి జరిగారు. అందరికంటే ముందు చెయ్యి తీసేసింది శంపాలతే. "నేను తొయ్యను తల్లీ! పెళ్లి కావలసినదాన్ని!" అని పకపకా నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

"ఏడున్నరేళ్లు ఈయన్ని జాగ్రత్తగా చూసుకోవాలర్రా," అన్నాడొక నేతగాడు. "ఈయన చల్లగా ఉంటేనే శని మనజోలికి రాడు. కిరీటం కూడా ఈయన తలమీదే ఉండనివ్వండి. ముట్టుకుంటే అంటుకుంటుంది!"

కట్టెలవాడికి జొన్నలు పొలమారాయి. "ఏడున్నరేళ్లా? అన్నాళ్లు నేను కట్టెలు కొట్టాలా?"

ఆ గోల మధ్య వక్రనేమి మాయమయ్యాడు. తన మాట తన మెడకే చుట్టుకుందని తెలిసినవాడు ఇక మంత్రానికే దిగుతాడు. శని బురుజు కొసన నల్లటి పొగ లేచింది. నీలాల కళ్లు భగ్గుమన్నాయి. తుప్పు రాలుస్తూ, కీళ్లు కిర్రుమంటూ, ఇనుపకాకి రెక్కలు విప్పింది. దాని వీపు మీద వక్రనేమి! ఒక్క ఊపున కిందికి దూకి, కట్టెలవాణ్ణి భుజాల దగ్గర గోళ్లతో పట్టి పైకెత్తింది. ఆయన నడుముకున్న మోకు ఊడి, ఒక కొస కాకి గోటికి చిక్కుకొని, రెండో కొస కిందికి వేలాడింది.

"మాచనా!" అని పైనుంచి అరిచాడు వక్రనేమి. "కిరీటం తెచ్చి నా తలమీద పెట్టు! లేదా పొద్దు కుంకగానే వీణ్ణి శనిబిలంలో వదిలేస్తాను!"

భటులు తలలెత్తి చూసి, "కట్టెలవాడే కదా ప్రభూ, పోతే పోనివ్వండి," అన్నారు. మంత్రి ఒకాయన మాత్రం పోల్చుకున్నాడు. "అయ్యో, మహా..." అని నోరు తెరిచి, నాలుక గుర్తొచ్చి మూసుకున్నాడు.

కాకి కొట్టారు చుట్టూ తిరుగుతోంది. మాచన కొట్టారు మెట్లెక్కి, పై గవాక్షం వైపు పరిగెత్తాడు. శంపాలత వెంటపడి చెయ్యి పట్టుకుంది.

"ఎక్కడికి? ఇప్పుడే కదా బతికావు! ఇక్కడే ఉంటే ఏడున్నరేళ్లు రాజువి. నిన్నెవరూ ముట్టుకోరు. ఉండిపో!"

ఉండిపోవాలనే ఉంది మాచనకు. ఆమె చెయ్యి వదిలించుకోవాలని కూడా లేదు. "గద్దె మీద కూర్చునేవాళ్లు ఎంతమందైనా దొరుకుతారు శంపా. ఆకలి తెలిసిన రాజు ఇరవై ఏళ్లకోసారి కూడా దొరకడు. ఆయనకు తెలిసి ఇంకా ఒక పూట కూడా కాలేదు." కిరీటం తీసి ఆమె తలమీద పెట్టాడు. "నా చేతులతో పెట్టాను. నువ్వు రాణివి. ఆ ముసలమ్మకు ముందు వడ్డించు."

ఆమె ఆపేలోగా అతడు గవాక్షంలోనుంచి గాలిలోకి దూకాడు. మోకు కొస చేతికి అందింది. కాకి బరువుకు ఒక్కసారి తూలి, కోటగోడ దాటి, పైపైకి లేచింది.

"నువ్వెందుకొచ్చావయ్యా!" అన్నాడు పైన గోళ్లలో వేలాడుతున్న మహారాజు.

"ఇక్కడే పట్టమన్నారో, లోపలికి రమ్మన్నారో, మీరు జవాబు చెప్పనే లేదు ప్రభూ! కనుక్కుందామని వచ్చాను!"

అంత ఎత్తున, అంత ఆపదలోనూ అభయకీర్తికి నవ్వొచ్చింది. కిందికి చూసేసరికి ఆ నవ్వు ఆరిపోయింది. కాళ్ల కింద శనిబిలం నల్లగా నోరు తెరుచుకొని ఉంది. ఇనుపగోరు అంచుకు మోకు ఒరుసుకుంటోంది. పురి వెంట పురి విడిపోతోంది. "నాయనా, మోకు తెగుతోంది!" అని కేక పెట్టి, ఉన్న రెండు చేతులూ కిందికి చాచాడు. చేతులు అందవు.

కోటముంగిట్లో జనం తలలెత్తి చూస్తున్నారు. శంపాలత ఒక్కతే బిలం వైపు పరిగెడుతోంది, వలలు పట్టుకురమ్మని గొంతు పోయేలా అరుస్తూ. మిగిలినవాళ్లు కదలలేదు. "ఏం కాదులేమ్మా, ఏడున్నరేళ్లు ఆయనకు చావు లేదు," అన్నాడు నేతగాడు, జొన్నలు నములుతూ.

"కిరీటం తీసేశాడుగా?" అన్నది ముసలమ్మ. "శని పట్టింది కిరీటాన్నైతే ఆ పిల్లను పట్టుకుంటాడు. తలుపు తోసిన కాలినైతే ఈయన్నే పట్టుకుంటాడు. ఇంతకీ కిరీటాన్ని పట్టాడంటావా, కాలిని పట్టాడంటావా?"

"కాలినే!"

"కాదు, కిరీటాన్నే!"

జ్యోతిష్మతీ నగరం రెండుగా చీలి వాదానికి దిగింది. పంచాంగాలు బయటికొచ్చాయి. పైన మాచన ఒక చెయ్యి జారి, రెండో చేత్తో వేలాడుతూ, జన్మలో మొదటిసారి ఆ జవాబు కోసం చెవులు రిక్కించి విన్నాడు.

వాదం తేలకముందే మోకు తెగింది.